డాల్ఫిన్ నోస్ దీపం చూసి కథ రాయడం ఎలా

ఈ వారంలో ఏదో ఒక రోజు చీకటి పడ్డాక విశాఖలో ఆర్కే బీచ్‌కు వెళ్లండి. మురీ మిక్చర్ పొట్లం ఒకటి కట్టించుకుని, జనం ఎక్కువగా ఉన్న చోటు వదిలేసి, కోస్టల్ బ్యాటరీ వైపు కాస్త నడిచి ఇసుకలో కూర్చోండి. సముద్రానికి ఎదురుగా కూర్చుంటే మీ కుడిచేతి వైపు, నీళ్లలోకి ముక్కు చాపినట్టు నల్లగా ఒక కొండ కనిపిస్తుంది. అదే డాల్ఫిన్ నోస్. దాని మీద లైట్‌హౌస్ వెలుగు ఒకటి మెరుస్తుంది, పోతుంది, మళ్లీ మెరుస్తుంది.

ఆ వెలుగు చూడగానే ఎవరికైనా కథ రాయాలనిపిస్తుంది. ఆశ, ఒంటరితనం, దారి చూపే గురువు, ఎదురుచూసే తల్లి... మాటలు వాటంతటవే వచ్చేస్తాయి. ఇంటికెళ్లి వాటినే కాగితం మీద పెట్టేస్తాం. నేనూ అదే చేశాను. నా మొదటి లైట్‌హౌస్ కథలో తుఫాను రాత్రి దారి తప్పిన పడవ ఒకటి దీపాన్ని చూసి, నేరుగా దాని వైపే వచ్చి ఒడ్డుకు చేరుతుంది. రాసినప్పుడు నాకే కన్నీళ్లొచ్చాయి. ఒక వారపత్రిక దాన్ని తిప్పి పంపింది. ఎందుకు పంపారో వాళ్లు చెప్పలేదు. చెప్పింది పెదజాలరిపేటలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన.

"తాతా, లైట్ కనిపించిందంటే ఇల్లు వచ్చేసినట్టేనా?" అని అడిగాను.

ఆయన తలెత్తకుండానే అన్నాడు: "లైటు కేసి తిన్నగా వొస్తే రాయికి కొట్టుకుంటాది బాబూ పడవ. అది రమ్మని పిలవదు. పొమ్మనీ అనదు. నువ్విక్కడున్నావురా అని సెబుతాది, అంతే. ఎటెల్లాలో నీకే తెలవాల."

ఈ గైడ్ మొత్తం ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. లైట్‌హౌస్ అసలు పని ఒక చోటును గుర్తుపట్టించడం. తానెక్కడున్నాడో తెలిసిన మనిషి తర్వాత ఏం చేస్తాడన్నది కథ. దాన్ని దృష్టిలో పెట్టుకుని పనిలోకి దిగండి.

మొదటి పని: చీకటిని లెక్కపెట్టండి

ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీయండి. ఒక మెరుపు దగ్గర మొదలుపెట్టి, మళ్లీ అదే వరుస మొదలయ్యేదాకా ఎన్ని సెకన్లో చూడండి. ఒకసారి చాలదు, పదిసార్లు చూసి రాసుకోండి. మెరుపు ఎంతసేపు ఉంది, రెండు మెరుపుల మధ్య చీకటి ఎంతసేపు ఉంది అన్నవి విడివిడిగా రాయండి.

ఎందుకంటే, ఒక తీరం పొడుగునా ఉండే దీపాల్లో ఒకదాని తీరు ఇంకోదానికి ఉండకుండా చూస్తారు. ఒకటి ఇన్ని సెకన్లకు ఒకసారి మెరిస్తే, పక్కది రెండుసార్లు మెరిసి ఆగుతుంది, మరొకటి మూడుసార్లు. ఓడలో ఉన్నవాడు సెకన్లు లెక్కపెట్టి, తన దగ్గరున్న దీపాల పట్టికలో చూసి, ఇది ఫలానా ఊరి దీపం అని తేల్చుకుంటాడు. మెరుపు అన్నిచోట్లా మెరుపే. దీపానికి పేరు పెట్టేది మధ్యలో ఉన్న చీకటి. పగటిపూట ఈ పని రంగులు చేస్తాయి. లైట్‌హౌస్‌లకు నలుపు తెలుపు పట్టీలు, ఎరుపు తెలుపు పట్టీలు వేసేది అందం కోసం కాదు, దూరం నుంచి చూసి ఏ ఊరో గుర్తుపట్టడం కోసం.

ఇప్పుడు రాతకు రండి. మీకు వచ్చిన చీకటి సెకన్లు ఎన్నో, ఆ వ్యవధిలో ఒక మనిషి ఏం చేయగలడో పది వాక్యాలు రాయండి. అగ్గిపుల్ల గీయగలడు. అబద్ధం ఒకటి ఆలోచించుకోగలడు. పక్కనున్నవాడి చెయ్యి వదిలేయగలడు. వెలుగు వచ్చేసరికి ఆ పని అయిపోయి ఉండాలి. నేను ఇప్పటికీ ఏ కథ మొదలుపెట్టినా ఈ కసరత్తు చేస్తాను, లైట్‌హౌస్ లేని కథలకు కూడా.

రెండో పని: దీపం ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి

దీన్ని దాటేయాలనిపిస్తుంది. దయచేసి దాటేయకండి. కథకు కావాల్సిన సామానంతా ఇక్కడే ఉంది.

1822లో ఫ్రెంచి ఇంజినీరు ఆగస్టిన్ ఫ్రెనెల్ ఒక కొత్తరకం గాజు కటకం తయారుచేశాడు. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని కోర్డువాన్ లైట్‌హౌస్‌లో దాన్ని పెట్టారు. పెద్ద కటకాన్ని ఒకే గాజు ముద్దగా పోస్తే మోయలేనంత బరువవుతుంది కాబట్టి, దాన్ని వలయాలు వలయాలుగా విడగొట్టి పేర్చాడు. దగ్గర నుంచి చూస్తే ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు ఉంటుంది. మధ్యలో ఉన్న చిన్న దీపం నుంచి నలువైపులా చెదిరిపోయే వెలుగును ఈ వలయాలు వంచి, ఒకే దిక్కుకు పోయే కట్టగా చేస్తాయి.

తిరిగే కటకం ఉన్న లైట్‌హౌస్‌లో దీపం ఆరదు. అది వెలుగుతూనే ఉంటుంది, చుట్టూ కటకం తిరుగుతుంటుంది. వెలుగు కట్ట మన వైపు వచ్చినప్పుడు మెరిసిందంటాం, పక్కకు తిరిగినప్పుడు ఆరిందంటాం. నాకు చీకటిగా ఉన్న ఆ క్షణంలో అదే వెలుగు ఇంకెవరి ముఖం మీదో పడుతోంది. భార్యాభర్తల కథ రాస్తున్నా, అన్నదమ్ముల కథ రాస్తున్నా ఈ ఒక్క సంగతితో పది పేజీలు నడపవచ్చు. (కొన్నిచోట్ల, ముఖ్యంగా కొత్త ఎల్ఈడీ దీపాల్లో, దీపమే వెలిగి ఆరుతుంది. మీ కథలో ఏ రకమో ముందే తేల్చుకోండి.)

పాతకాలపు పెద్ద కటకాలు టన్నుల బరువుండేవి. వాటిని పాదరసం నింపిన తొట్టిలో తేలేటట్టు పెట్టేవారు. అప్పుడు వేలితో తోసినా తిరిగేవి. తిప్పడానికి గోడగడియారంలో లాంటి యంత్రం ఉండేది. స్తంభం లోపల బరువు ఒకటి మెల్లగా కిందికి దిగుతూ కటకాన్ని తిప్పేది. బరువు అడుగుకు చేరేలోపు కాపలా ఉన్నవాడు మళ్లీ పైకి చుట్టాలి. రాత్రంతా నిద్ర లేకపోవడమన్నది ఇక్కడి నుంచి వచ్చింది, ఏదో బాధతో కాదు. పాదరసం ఆవిరి ఆరోగ్యానికి మంచిది కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

మరొక చిన్న విషయం. పగలు కటకం ఉండే గదికి తెరలు వేస్తారు. ఎందుకో తెలుసా? రాత్రి లోపలి వెలుగును బయటికి పంపే కటకం, పగలు బయటి ఎండను లోపలికి తెచ్చి ఒకచోట గుమిగూడుస్తుంది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినట్టు, గదిలో వస్తువులు అంటుకునే ప్రమాదం ఉంది. తెల్లారగానే దీపం ఆర్పి, తెర లాగి, గాజు పలకల మీద పేరుకున్న ఉప్పును తుడిచే మనిషిని ఒకసారి ఊహించండి. చేతిలో మెత్తటి గుడ్డ. రాత్రి దీపానికి వచ్చి కొట్టుకున్న పురుగులు కిటికీ అంచున కుప్పగా ఉన్నాయి. ముందు వాటిని ఊడ్చాలి. తర్వాత నీళ్లతో తుడవాలి, పొడిగుడ్డతో మళ్లీ తుడవాలి, లేకపోతే ఉప్పు చారికలు ఉండిపోతాయి. మీ కథలో "ఆయన ఎంతో అంకితభావంతో పనిచేసేవాడు" అనే వాక్యం కొట్టేసి, ఈ తుడవడం రాయండి.

మూడో పని: దూరం లెక్క కట్టండి

భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఎంత పెద్ద దీపమైనా కొంత దూరం తర్వాత నీటి అంచు కిందికి పోతుంది. ఎంత దూరమో మీరే కట్టుకోవచ్చు. ఎత్తు ఎన్ని మీటర్లో దానికి వర్గమూలం తీసి, 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. చూసేవాడి ఎత్తుకు కూడా ఇలాగే కట్టి రెండూ కలపాలి.

డాల్ఫిన్ నోస్ మీది దీపం ఎత్తు లెక్క కోసం 170 మీటర్లు అనుకోండి. దాని వంతు 46 కిలోమీటర్ల పైచిలుకు. ఓడలో కెప్టెన్ నిలబడే చోటు నీటికి 25 మీటర్ల పైన ఉందనుకుంటే అతని వంతు దాదాపు 18. మొత్తం 64 దాటింది. ఈ దీపం 65 కిలోమీటర్ల దాకా కనిపిస్తుందని మన ఊళ్లో చెప్పుకునే మాట ఇక్కడికి సరిపోతుంది. ఇక మరపడవలో నిలబడ్డ కళాసీ కన్ను నీటికి రెండు మీటర్ల పైన ఉందనుకుందాం. అతని వంతు 5 కిలోమీటర్లే. అంటే ఓడవాడికి కనిపించిన దీపం పడవవాడికి కనిపించాలంటే ఇంకో 13 కిలోమీటర్లు దగ్గరికి రావాలి. వానో మంచో ఉంటే ఇంకా తగ్గుతుంది.

ఇది లెక్కల క్లాసులా అనిపిస్తే ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. పడవ గంటకు 13 కిలోమీటర్లు పోతుందనుకుంటే, దీపం మొదట కనిపించిన దగ్గర నుంచి కొండ దాకా దాదాపు నాలుగు గంటలు. రాత్రి ఒంటిగంటకు దీపం కనిపించింది. ఐదింటికి ఇల్లు. మధ్యలో నాలుగు గంటలు. పడవలో ఒకడికి ఒంట్లో బాగోలేదనుకోండి. ఇల్లు కంటికి కనిపిస్తోంది, చేతికి అందడం లేదు. మీకు కథ దొరికేసింది.

ఇంకొకటి. పడవలో కూర్చున్నవాడికి కనిపించని దీపం లేచి నిలబడితే కనిపిస్తుంది. మళ్లీ కూర్చుంటే పోతుంది. నావికులు దూరం తెలుసుకోవడానికి ఇలా లేచి కూర్చుని చూస్తారు. అసలు దీపం కనిపించకముందే నీటి అంచు మీద ఆకాశంలో తెల్లటి ఛాయ ఒకటి ఊగిపోతూ కనిపిస్తుంది. మొదటిసారి వేటకు వెళ్లిన పదహారేళ్ల కుర్రాడిని పడవ పైకప్పు మీద నిలబెట్టండి. అందరికంటే ముందు అతనికే కనిపిస్తుంది. చెబితే ఎవరూ నమ్మరు, వాళ్లు కూర్చుని ఉన్నారు కాబట్టి.

నాలుగో పని: దగ్గరికి వెళ్లండి

డాల్ఫిన్ నోస్ నేవీ ఉన్న కొండ. సింధియా వైపు నుంచి యారాడ వెళ్లే ఘాట్ రోడ్డులో పైకి వెళ్లాలి. లైట్‌హౌస్ చూడటానికి అనుమతి సమయాలు మారుతుంటాయి కాబట్టి ముందు కనుక్కుని, గుర్తింపు కార్డు పట్టుకుని బయల్దేరండి. ఫొటోలు తీయొద్దన్న చోట తీయకండి. మన పనికి ఫొటో కంటే చెవి, ముక్కు, అరచెయ్యి ముఖ్యం. రెయిలింగ్ పట్టుకోండి, జిగటగా ఉంటుంది, అది ఉప్పు. గాలి ఏ వైపు నుంచి వస్తోందో, మాట ఎంత దూరం వినిపిస్తోందో చూడండి.

పై నుంచి కిందికి చూసినప్పుడు మీకు కథలో చాలా పనికొచ్చే విషయం ఒకటి తెలుస్తుంది. ఇక్కడ ఒంటరితనం సముద్రం మధ్య రాతి మీద ఉండే ఒంటరితనం కాదు. కింద ఓడరేవు, క్రేన్లు, రిఫైనరీ, అవతల లంగరేసి వరుసగా నిలబడ్డ ఓడలు, పక్కనే రోస్ హిల్ మీద చర్చి, దాని పక్క కొండల మీద దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి. రాత్రంతా ఊరు మెలకువగానే ఉంటుంది. లక్షలాది మంది కళ్లెదుట ఉన్నా వాళ్లలో ఎవరికీ ఈ దీపంతో పనిలేదు. పని ఉన్నవాడు చీకట్లో ఎక్కడో ఉన్నాడు, వాడు కనిపించడు. దీపం కింద చీకటి అంటారు కదా, విశాఖలో అది ఇంకో రకం చీకటి. పైగా ఊరి దీపాలు పెరిగేకొద్దీ సముద్రం మీద నుంచి వాటి మధ్య అసలు దీపాన్ని వెతుక్కోవడం కష్టమవుతుంది.

ఈ కొండే ఓడరేవును గాలివానల నుంచి కాస్తుంది. 1933లో రేవు మొదలైంది. కొండ పక్కన అలల ఉధృతి తగ్గించడానికి రెండు పాత ఓడలను ముంచి అడ్డుగా వేశారు. మునిగిపోవడమే ఒక ఓడ చేసిన ఆఖరి ఉద్యోగమన్నది నన్ను చాలా రోజులు వెంటాడింది.

మరో ఆదివారం భీమిలి వెళ్లండి. బీచ్ రోడ్డు పట్టుకుని వెళ్తే గోస్తని సముద్రంలో కలిసే ఊరు. అక్కడి పాత దీపస్తంభం చిన్నది, ఒడ్డునే ఉంటుంది. డచ్చివాళ్ల సమాధులు కూడా ఉన్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన రేవు పట్నం, తర్వాత ఓడలు రావడం మానేసిన ఊరు. ఓడలు రాని రేవులో దీపం అనే ఊహ మీకు నచ్చితే డాల్ఫిన్ నోస్ వదిలేసి ఇక్కడే ఉండిపోండి. ఇంకా పైకి, విజయనగరం జిల్లాలో చింతపల్లి దగ్గర నీటి కింది రాళ్ల గురించి ఓడలను హెచ్చరించే దీపం ఉంది. పెద్దాయన చెప్పిన రాయి అంటే ఏమిటో అక్కడ అర్థమవుతుంది.

ఐదో పని: మనిషిని ఎంచుకోండి

దీపం దగ్గర ఉండేవాడు, దీపం చూసేవాడు. కనీసం ఈ ఇద్దరూ కావాలి. వీళ్లు జీవితంలో ఒకరినొకరు కలవకపోవచ్చు. ఈ సంబంధం ఇంకే ఉద్యోగంలోనూ నాకు కనిపించలేదు. డాక్టరుకు రోగి కనిపిస్తాడు, బస్సు డ్రైవరుకు ప్రయాణికులు కనిపిస్తారు. దీపం దగ్గర ఉండేవాడికి తాను ఎవరిని కాపాడాడో తెలియదు, ఎప్పుడు కాపాడాడో కూడా తెలియదు. ఏమీ జరగని రాత్రే అతను బాగా పనిచేసిన రాత్రి.

లైట్‌హౌస్ కేంద్ర ప్రభుత్వం కిందికి వస్తుంది. 1927 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. కేంద్ర ఉద్యోగం కాబట్టి బదిలీ మీద వేరే రాష్ట్రం వాడిని కూడా మీ కథలోకి తేవచ్చు. తెలుగు కూడబలుక్కుని మాట్లాడే తమిళాయన, కింద ఊళ్లో కూరగాయలు కొనుక్కునే ఆయన భార్య, ఇక్కడి స్కూల్లో చేరి ఇంట్లో అందరికంటే ముందు "ఏటి?" అనడం నేర్చుకున్న పాప. ఇప్పుడు చాలా పని యంత్రాలే చేస్తాయి, ఓడలకు ఉపగ్రహాలు దారి చెబుతాయి. దీపం అవసరం తగ్గిపోతున్న కాలంలో దాని గాజు తుడిచే మనిషి ఏమనుకుంటాడు? పాతకాలం కథ కంటే నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

వేరే దేశాల సంగతులు చదవండి, కానీ ఇక్కడికి ఎత్తుకురాకండి. 1801లో వేల్స్ తీరం దగ్గర స్మాల్స్ అనే రాతి మీది లైట్‌హౌస్‌లో ఇద్దరే కాపలా ఉండేవారు. ఒకడు చనిపోయాడు. శవాన్ని సముద్రంలో వేస్తే తానే చంపాడంటారేమోనని రెండోవాడు భయపడి, పెట్టెలో పెట్టి బయట కట్టి ఉంచాడు. తుఫానుల వల్ల వారాల తరబడి పడవ రాలేదు. ఆ తర్వాత బ్రిటన్‌లో అలాంటి చోట్ల ముగ్గురిని పెట్టడం ఆనవాయితీ అయింది. దీంట్లో నేర్చుకోవాల్సింది భయం కాదు. ఇద్దరుంటే ఒకరి మాటకు సాక్షి లేడు, ముగ్గురుంటే ఉన్నాడు. మీ కథలో ఎంతమంది ఉండాలో దాన్ని బట్టి తేల్చుకోండి.

మన దగ్గర వెతికితే మన దీపాలు ఉన్నాయి. కార్తీకమాసంలో శివాలయంలో చిల్లులున్న పాత్రలో దీపం పెట్టి, తాడుతో ధ్వజస్తంభం పైకి లాగే ఆకాశదీపం చూశారు కదా. పితృదేవతలకు దారి కనిపించాలని పెద్దలు చెబుతారు. మహాబలిపురంలో ఒలక్కనేశ్వర ఆలయం కప్పునే ఒకప్పుడు లైట్‌హౌస్‌గా వాడారు. గుడి దీపానికీ సముద్రపు దీపానికీ మధ్య దూరం మనకు తక్కువే. వేటకు వెళ్లి రానివాడి ఇంట్లో కార్తీక సాయంత్రం ఎలా ఉంటుందో రాయగలిగేది మనమే.

ఆరో పని: రాత్రిని ఎంచుకోండి

మామూలు రాత్రి, తుఫాను రాత్రి, చీకటి చేయాల్సిన రాత్రి. ఈ మూడింటిలో ఒకటి.

తుఫాను అంటే విశాఖవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్. చెట్లు కూలి, రోజుల తరబడి కరెంటు లేని ఊరు. ఊరంతా ఆరిపోయిన రాత్రి కొండ మీద దీపం ఉందా లేదా అన్నది మీ కథలో మీరు తేల్చుకోవాలి. రెండింటికీ రెండు వేర్వేరు కథలు వస్తాయి.

మూడోది ఎవరూ పెద్దగా ముట్టుకోలేదు. యుద్ధమొస్తే తీరంలో దీపాలు ఆర్పేయడమో తగ్గించడమో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఇక్కడి తీరం దగ్గర మునిగిపోయింది. వెలిగించడమే ఉద్యోగమైన మనిషిని ఆర్పమంటే? బయట వేటలో తనవాళ్లెవరైనా ఉంటే?

ఏడో పని: రాయండి

నేను తర్వాత మళ్లీ రాసిన కథ ఎలా కట్టానో చెబుతాను, మీకు పద్ధతి అర్థమవడానికి. సన్యాసిరావు దీపం దగ్గర పనిచేస్తాడు. అతని చెల్లెల్ని చేసుకున్న నూకరాజు మరపడవ నడుపుతాడు. ఇల్లు పంచుకునే దగ్గర మాటామాటా వచ్చి బావాబావమరుదులు పదకొండేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. ఒకడు కొండ మీద, ఒకడు నీళ్ల మీద. ఒక రాత్రి కరెంటు పోయి, జనరేటర్ అందుకోవడానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాసేపట్లో మూడు మెరుపులు తప్పిపోతాయి. సన్యాసిరావు లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెడతాడు. ఎవరూ చూసి ఉండరనుకుంటాడు. మర్నాడు చెల్లెలింటి సందులో నూకరాజు ఎదురుపడి, ముఖం చూడకుండా అడుగుతాడు: "రేత్తిరి మూడు తప్పాయేటి?"

కథ అక్కడితో ఆపేశాను. పదకొండేళ్లుగా అతను లెక్కపెడుతూనే ఉన్నాడని నేను రాయలేదు. మొదటి చిత్తుప్రతిలో రాశాను, ఆ పేరా తర్వాత కొట్టేశాను. మీరూ అలాంటి పేరా ఒకటి రాస్తారు, రాయండి, ఆపైన తీసేయండి. ఆ ఒక్క ప్రశ్నకు బలం వచ్చింది దాని ముందున్న వివరాల నుంచే. మెరుపు వరుస మొదటి పేజీలోనే చెప్పాలి, కళాసీలు దాన్ని ఎలా చూస్తారో రెండో పేజీలో చూపించాలి. అప్పుడు పాఠకుడు కూడా మూడు తప్పినప్పుడు ఉలిక్కిపడతాడు.

భాష సంగతి. దీపస్తంభం అని కథకుడు రాయవచ్చు గానీ జాలరిపేటలో ఎవరూ అలా అనరు, లైటు అంటారు. వాళ్ల నోట సంద్రం, వేట, వల, తెప్ప ఉంటాయి. ఉత్తరాంధ్ర యాస సంభాషణల్లో మాత్రమే, అదీ వినికిడి ఉన్నంత మేరకే వాడండి. ప్రతి మాటా వంకర తిప్పితే మనుషులు పోయి వేషాలు మిగులుతాయి. తుఫాను రాత్రి రేడియోలో వచ్చే ప్రమాద హెచ్చరిక నంబరు ఒక్కటి చాలు, ఉరుములు మెరుపులు పేజీ నిండా పోయనక్కర్లేదు. ఆత్మహత్యకు, దెయ్యానికి లైట్‌హౌస్ మెట్లు వాడటం కూడా మానేయండి, ఆ మెట్లు చాలా అరిగిపోయాయి.

చివరి పని. రాసింది సముద్రం తెలిసినవాళ్లకు చదివి వినిపించండి. ఫిషింగ్ హార్బర్‌కు తెల్లవారుజామున వెళ్లకండి, చేపల వేలం జరుగుతుంటుంది, ఎవరికీ తీరిక ఉండదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలల్లో సాయంత్రం పూట వెళ్తే పడవలకు రంగులేసుకుంటూ, వలలు కుట్టుకుంటూ కూర్చుని ఉంటారు. టీ తాగుతూ అడగండి, వింటారు. ఎక్కడ తప్పుందో చదువుతుండగానే ఆపి చెబుతారు. పెన్ను తీసుకెళ్లండి.